పాటు వేళ

ఇక్కడ వసంతానికి ఇచ్చే వీసా మూడు వారాలే.
అందుకే శనివారం, ఇంకా చీకటుండగానే,
అబుదాబి తూర్పు గట్టున
అద్దె దోనె ఒకటి, తెడ్లు రెండు,
నలుగురికీ నారింజ రంగు లైఫ్ జాకెట్లు.

సుభాషిణికి ఈత రాదు.
ఆ సంగతి మూడోసారి గుర్తుచేసింది.
"నడుంలోతే" అన్నాను.
"ఎవరి నడుం?" అంది,
పులిహోర డబ్బాని
చంటిబిడ్డలా ఒళ్ళో అదుముకుని.

ముందు యామిని, మెడలో కెమెరా.
మనీలా వెళ్ళిపోతూ రోమెల్ అమ్మిపోయింది.
పట్టీ మీద ఇంకా అతని పేరే.
లెన్సు మీద చిన్న గీత,
ఏ ఫోటో తీసినా కుడిమూల
ఒక వెంట్రుక రాలినట్టుంటుంది.
నడిమధ్య బుడ్డోడు, నీళ్ళలో చెయ్యి ముంచి,
"నేనే నడుపుతున్నా!"

మలుపు తిరిగామో లేదో నగరం మాట ఆగిపోయింది.
ఇక తెడ్డు అంచు నుంచి జారే చుక్కల చప్పుడే.
రెండు పక్కలా మడచెట్లు.

ఈ చెట్టు నాకు తెలుసు.
తాళ్ళరేవు దాటాక, కోరంగి కాలవల్లో
మేం తెల్లమడ అనేవాళ్ళం.
అదే ఆకు, ఆకు వెనక అదే వెండిపూత,
బురదలో పెన్సిళ్ళు గుచ్చినట్టు
అవే ఊపిరి వేళ్ళు.
వంగిన కొమ్మ చూపించి, "నాకి చూడు" అన్నాను.
"ఛీ, ఉప్పు!"
"తాగిన సముద్రంలో అక్కర్లేనిది
ఆకుల్లోంచి బయటికి తోసేస్తుంది."
"నీ డ్యూటీ చొక్కా మీద తెల్లచారల్లాగా?"
"అచ్చం అలాగే."

"నాన్నా, మీ డ్రెడ్జర్ కూడా ఇలాంటిచోటే పని చేస్తుందా?"

పదకొండేళ్ళుగా దాని మీదే నేను.
రాత్రి షిఫ్టులో సముద్రం అడుగున ఇసుక పీల్చి
ఇంకోచోట కక్కిస్తాను.
మ్యాపులో నీలం ఉన్నచోట పసుపు తేలుతుంది,
ఆనక దానికో పేరు, ఒక వంతెన,
రోడ్డు పక్కన గొట్టపు నీళ్ళ పూలు.

"ఇలాంటిచోటే" అన్నాను.
"మరి అప్పుడు పీతలు ఏం చేస్తాయి?"
తెడ్డు వేశాను.
ఇంకోసారి వేశాను.

అంతలో దోనె అడుగు బురదకి తాకింది.
పాటు ఎప్పుడు మొదలైందో,
నీటి పట్టికలు చదివి బతికేవాణ్ణి, నేనే చూసుకోలేదు.
ఆ పొద్దున మొదటిసారి సుభాషిణి నవ్వింది.
"ఇప్పుడు చీలమండ లోతు కూడా లేదు.
హాయిగా ఉంది. తినండి."

కదలని దోనెని మొద్దనుకున్నాయో ఏమో,
ముందు పీతలు వచ్చాయి, ఒంటి చెయ్యి ఊపుతూ.
తర్వాత ఎగువ మలుపులోంచి
ఏడు ఫ్లెమింగోలు,
ఎత్తుమడమల చెప్పులు కొత్తగా తొడిగినవాళ్ళలా
ఒక్కో అడుగూ చూసి చూసి వేస్తూ.
బుడ్డోడి బుగ్గలో జీడిపప్పు నమలడం ఆగింది.
క్లిక్కు.

సాయంత్రం లెక్కపెడితే రెండువందల పదహారు ఫోటోలు.
అమ్మ చెవి, నా మోకాలు, అలుక్కుపోయిన ఆకులు.
ఒక్కటి మాత్రం కుదిరింది:
ఏడు పక్షులు, ఏడు నీడలు, కుడిమూల వెంట్రుక.
దూరంగా, చెట్ల తలల మీద,
మా కంపెనీ క్రేన్ కొస,
దాని ఎర్రదీపంతో సహా.

"అబ్బా, అంతా పాడుచేసింది. కత్తిరించేయనా?"
"ఉండనీ."
"ఎందుకు?"

చెప్పడానికి నోరు తెరిచాను.
బాత్రూంలోంచి కేక:
బుడ్డోడి నిక్కరు జేబులో పీత ఉందట,
బతికే ఉందట,
సబ్బుపెట్టె ఎక్కి పంజా చూపిస్తోందట!

షిఫ్టుకి ఇంకా రెండు గంటలుంది.
తడి తువ్వాలు, పులిహోర ఖాళీ డబ్బా,
మూతకి మేకుతో మూడు చిల్లులు.
నలుగురం లిఫ్టు దిగాం.
కెమెరా మంచం మీదే ఉండిపోయింది.
పోటు ఎక్కేసి ఉంటుంది
ఈపాటికి.