మూలల్లో మిగిలింది

దాసన్నపేట గోదాములో నా మొదటి పని
సంచి దులపడం.
ఖాళీ గోనెసంచిని తిరగేసి
రెండు చెవులూ పట్టుకుని
గోడకేసి బాదడం.
పదకొండేళ్లు నాకు. రోజుకి రూపాయిన్నర.
లేచిన దుమ్ము మీద
కిటికీలోంచి ఎండ కర్రలు కర్రలుగా నిలబడేది.

దులిపిన సంచి అసిరమ్మ ముందు పడేది.
దబ్బనం, పురికొస, పాతవాటి నుంచి కోసిన మాసికలు.
ఆవిడ చూడకుండా కుట్టేది.
మనుషులతో తక్కువ, సంచులతోనే మాట:
"నీకేటొచ్చిందే, ఎలకతో కాపరం చేసినావేటి?"
చిరుగుని తడిమి చెప్పేసేది,
ఇది ఎలుక, ఇది కొక్కెం,
ఇది లోడు మీద నిద్రపోయిన కలాసీ బీడీ.

నాకు ముక్కు అబ్బింది.
కళ్లు మూసుకుని చెప్పేవాణ్ని:
బొబ్బిలి బెల్లం,
పార్వతీపురం చింతపండు,
రాజాం నువ్వులు.
ఉప్పు సంచికి వాసనుండదు,
గోరు పక్కన చుర్రుమంటుంది.

ఎంత దులిపినా మూలల్లో ఏదో మిగులుతుంది.
వేలు పెట్టి తిప్పితే గుప్పెడు:
నాలుగు కందులు, నూకలు, రాళ్లు, ఒక మెంతి గింజ.
సాయంత్రం లాగు జేబుల్లో ఇంటికి.
అమ్మ చేటలో పోసి చెరిగి
"ఇయాళ ఏ ఊరు వండమంటావురా?" అనేది.

కోళ్లఫారం దాలినాయుడు ఒక మధ్యాహ్నం
నా జేబుల వంక చూసి అడిగాడు,
"ఆ చెత్త నాకిస్తావా? శేరుకి పావలా."
అదే నా మొదటి బేరం.
ఆ రాత్రి అమ్మ కొట్లో కొన్న బియ్యం వండింది.
ఒకటే ఊరు.
కొంచెం చప్పగా ఉంది.

తర్వాత సైకిలు.
కొట్టుకొట్టుకీ తిరిగి, అరవై సంచులు వెనక కడితే
నేను కనపడేవాణ్ని కాను,
సంచులే తొక్కుకుంటూ పోతున్నట్టుండేది.
చంపావతి వంతెన మీద గాలి కొట్టి
రెండుసార్లు పడ్డాను.
రెండోసారి ముందు సంచులు లెక్కపెట్టుకున్నాను,
పళ్లు తర్వాత.

జూట్ మిల్లుకి తాళం పడ్డ ఏడాది
కొత్త సంచి దొరక్క పాతదానికి ధర లేచింది.
మగ్గాల మీద పనిచేసినవాళ్లు
నా గుమ్మంలో నిలబడి మాసికల పని అడిగారు.
ఇచ్చాను.
ఎంత కూలికిచ్చానో ఇక్కడ రాయను.
నా మొదటి గోదాము ఆ ఏడాదే కట్టాను.

ఇప్పుడు మూడు.
జీఎస్టీ బిల్లులు, తూకం చూపించే ఎర్రంకెల పెట్టె,
నేను వెళ్తే బ్యాంకులో ఎవరో ఒకరు లేచి నిలబడతారు.
సగం సరుకు ప్లాస్టిక్కే,
దానికి ఏ ఊరి వాసనా అంటదు.
రాత్రిళ్లు దగ్గుతాను. డాక్టరు ధూళి అన్నాడు.
నలభై ఏళ్ల కిందటిది, ఎవరి సంచిదో.
అసిరమ్మ దబ్బనం నా సొరుగులో ఉంది.
ఉత్తరాలు చించడానికి వాడతాను,
వాడిన ప్రతిసారీ
ఆవిడ ఏదో అంటున్నట్టుంటుంది.

నిన్న మేనేజరు ఒక గుంటని పట్టుకొచ్చాడు.
పందొమ్మిదేళ్లుంటాయి. దులుపుడు పని.
"దొంగతనం సార్, కొంగులో మూట."
"మూలల్లోది బాబూ," అంది పిల్ల,
"ఎలాగా తుడిచి పారబోస్తారు గదా."
"కేజీ ఎంతకిస్తన్నావు?"
"పన్నెండు."
"ఎవుడికి?"
"దాలినాయుడి మనవడికి."
"పన్నెండుకా!"
నా మొహంలో కోపం మేనేజరు చూశాడు.
దేనికో అతనికి తెలీలేదు.

కూర్చోమన్నాను. కుర్చీ అంచున కూర్చుంది.
మూట విప్పమన్నాను.
బిల్లుల మీద పోసింది:
జొన్నలు, పెసలు, ఒక మెంతి గింజ.
ఒంగి వాసన చూసి
ఏ ఊరో చెప్పబోయాను.

ఆ పిల్లే ముందు చెప్పేసింది.