తల ముందు

జువ్వలదిన్నె ఐసు ఫ్యాక్టరీలో
డబ్బా బోర్లిస్తే గడ్డ జారిపోయేది
చెక్కబల్ల వాలులో, క్రషర్ నోట్లోకి.
పదేళ్ళప్పుడు ఆ బల్ల మీద బోర్లా పడుకుని
నేనూ జారాను.
గడ్డం చిట్లింది. మూడు కుట్లు.
"తల ముందుపెట్టి ఎవురన్నా పోతారా మే?"
అని కుట్ల మీదే ఇంకోటి వేసింది అమ్మ.

పోతారని, దానికో ఆట ఉందని
చాలా ఏళ్ళకి తెలిసింది.
రొయ్యల గుంటల గట్టు మీద
బేరింగుల బండితో మొదలుపెట్టాను.
గట్టు జారినప్పుడల్లా తిట్లు, గుంటల యజమాని మస్తానయ్యవి.

పన్నెండేళ్ళు ఆడాను.
పోటీల్లో జారిన నిమిషాలన్నీ కూడితే
బిట్రగుంటలో ప్యాసింజరు క్రాసింగుకి ఆగినంతసేపు.
మిగతాదంతా వీసాలు, చేబదుళ్ళు,
స్లెడ్డు బద్దెల్ని గరుకు కాగితంతో రుద్దుకున్న రాత్రులు.

మంచుగోడల మధ్య తల ఎత్తకూడదు,
ఎత్తితే గాలి పట్టేసుకుంటుంది.
మలుపు కళ్ళకి కాదు, భుజానికి తెలియాలి
చుక్కాని పట్టిన నాన్న చేతికి
నీళ్ళ కింద ఇసుకమేట తెలిసినట్టు.

ఎప్పుడూ ఇరవై దాటిన స్థానమే.
ఒక్కసారి పదిహేడు.
ఫోన్లో అమ్మ కాసేపు లెక్కేసుకుని అంది:
"ఆ పదారుమంది ఊళ్ళలో మంచు ఊరికే పడతాది గదమే,
మనం కొనుక్కోవాల."

ఇప్పుడు మెడ ఎడమకి తిరగదు.
అదే ఫ్యాక్టరీలో లెక్కలు రాస్తున్నాను,
ఏ పడవకి ఎన్ని గడ్డలో.
డబ్బా బోర్లిస్తారు. గడ్డ జారుతుంది.
దానికి తలేదో కాళ్ళేవో లేవు.
చూడకుండానే
నా గడ్డం కింద మూడు కుట్లు
చల్లబడతాయి.