అరవై అడుగులు

మారికుప్పంలో తొలి రైలు ఎక్కేసరికే
సీట్ల మీద చేతిరుమాళ్లు, టిఫిను డబ్బాలు,
నిన్నటి నిద్ర మిగిలిపోయిన మనుషులు.
అందరమూ బెంగళూరుకే.
ఒకాయన ఏటీఎం కాపలా, ఒకామె వైట్‌ఫీల్డులో వంట,
ఎదురింటి సెల్వి కొడుకు
నగల కొట్లో తలుపు తీసి నమస్కారం పెడతాడు.
కిటికీ బయట సైనైడు దిబ్బ
చీకటికంటే కాస్త తెల్లగా కదిలి
వెనక్కి పోయింది.

నాయన జేబులో ఇత్తడి బిళ్ల. మూడువేల నూటపదిహేడు.
"అదెందుకు నాయనా ఇప్పుడు?"
"లోపలికి పోయేటప్పుడు ఉండాల పాపా."
ఆస్పత్రి సంగతేమో అనుకున్నా.

దిగేవాడు మేకు మీది బిళ్ల తీసుకుని దిగాలి,
పైకొచ్చి మళ్లీ తగిలించాలి.
రాత్రి అలమరలో గిన్నెలు గల్లుమంటే
భూమి లోపల ఎక్కడో రాయి పగిలినట్టు.
అమ్మ పొయ్యిలో నీళ్లు చల్లి పరిగెత్తేది.
షాఫ్టు దగ్గర ఆడవాళ్లెవరూ మాట్లాడుకునేవాళ్లు కాదు,
బోర్డు మీద
ఖాళీ మేకులు లెక్కపెట్టుకునేవాళ్లు.

గని మూసిన రోజు అందరూ బిళ్లలు తిరిగిచ్చేశారు.
చెంగల్రాయుడు ఇవ్వలేదు.
ఆ బోర్డు ఇంకా ఎక్కడైనా ఉంటే
దాని లెక్కలో మా నాయన
ఇప్పటికీ కిందే.

బైయప్పనహళ్లిలో మెట్రో మారాం.
ఎంజీ రోడ్డు దాటగానే పెట్టె నేలలోకి వంగింది,
చెవులు మూసుకుపోయాయి.
నాయన అరచెయ్యి అద్దానికి ఆనించాడు,
రాయి వేడెంతో చూస్తున్నట్టు.
"ఎంత లోతు?"
"అరవై అడుగులు ఉంటుందేమో."
నవ్వాడు. నవ్వు దగ్గయింది, దగ్గు ఆగలేదు,
పక్కనున్న అమ్మాయి ఇయర్‌ఫోన్ తీసి నీళ్ల సీసా ఇచ్చింది.
"అరవై అడుగులా! మేము అంత దిగేలోపు
కేజిలో ఒకడు తుమ్మితే
ఇంకొకడు 'చిరంజీవ' అనేవాడు, అంతే."

తర్వాత చాలాసేపటికి,
"ఇది ఎవరు తవ్వినారు పాపా?"
ఏడేళ్లుగా ఇదే దారిన పోతున్నా.
నాకు తెలియదు.

మెజెస్టిక్‌లో గేటు దగ్గర ఆగిపోయాడు.
ప్లాస్టిక్ బిళ్ల ఒక చేతిలో, ఇత్తడిది ఇంకో చేతిలో.
వెనక జనం, "బేగ హోగి తాతా" అని కన్నడంలో తొందర.
ఇత్తడిదే వేయబోయాడు. కన్నంలో పట్టలేదు.
నేను చెయ్యి పట్టుకుని రెండోది వేయించాను.
తలుపు తెరుచుకుంది.
ఆయన మాత్రం ఒకసారి వెనక్కి చూశాడు,
ఇంకా ఎవరో రావాల్సి ఉన్నట్టు.

డాక్టరు కుర్రవాడు. ఫిల్మును వెలుగుకు పెట్టాడు.
రెండు ఊపిరితిత్తుల నిండా తెల్ల చుక్కలు.
"బీడీలు ఎన్నేళ్లు తాగారు?"
"తాగలేదు సార్. చాంపియన్ రీఫ్."
డాక్టరు అది ఏ కంపెనీ బీడీయో అనుకుని
రాసుకున్నాడు.

సాయంత్రం రైల్లో సెల్వి కొడుకు
నా భుజం మీద నిద్రపోయాడు.
అతని యూనిఫాం గుండీలు
బంగారు రంగువి, ఒకటి ఊడిపోయి ఉంది.
నాయన ఉరిగాం దాకా ఏమీ మాట్లాడలేదు.

రాత్రి వంటింట్లో గిన్నెలు గల్లుమన్నాయి.
ఉలిక్కిపడి లేచాను, కాళ్లు వాటంతటవే తలుపు దాకా పోయాయి.
నడవలో లైటు.
నాయన స్టూలెక్కి
గోడకు మేకు కొడుతున్నాడు.