అక్షర దోషాలు మాత్రమే

నేను టైపు చేసేవాణ్ణి. అంతే.
వెల్లింగ్టన్ పార్లమెంటులో ఎవరేమన్నా
తెల్లారేసరికి కాగితమ్మీదికి ఎక్కించే ఉద్యోగం.
దగ్గు రాయం. గొంతు వణుకు రాయం.
ఎవరైనా అరిస్తే "అంతరాయం" అని ఒక్క ముక్క.

లాక్లన్ ట్రెవెర్న్ మొదటిసారి లేచినప్పుడు
నాకు ఇరవయ్యారు. ఎనభై ఆరు, చలికాలం.
దక్షిణాది గొర్రెల ఊళ్ళు గెలిపించి పంపిన మనిషి,
బూట్లకింకా ఆ మట్టే.
నాలాంటివాళ్ళని జైలు భయం నుంచి తప్పించే బిల్లు మీద
పదకొండు నిమిషాలు మాట్లాడి
"గజ్జి" అన్నాడు. "మందంతా పాకే గజ్జి."
చిన్న మాట.
నా వేళ్ళు తడబడలేదు.
ఆ తడబడకపోవడానికే ఇప్పటికీ సిగ్గు నాకు.

ఇంటికెళ్తే ఐవర్ స్టవ్ ముందు చేపలు వేయిస్తున్నాడు.
"ఏం నడిచిందివాళ?"
"గొర్రెల గురించి" అన్నాను.

రెండువేల నాలుగు. పెళ్ళి కాదు, పెళ్ళిలాంటి ఒక చట్టం.
అవునన్నవాళ్ళకొక తలుపు, కాదన్నవాళ్ళకొక తలుపు.
మనవాడు ఆ సాయంత్రం గోడమీద పిల్లి.
విమానం ఆలస్యమట. పేరుకెదురుగా ఖాళీ.
ఆ ఖాళీని కూడా రెండుసార్లు సరిచూశాను.

రెండువేల పదమూడు. ఈసారి పెళ్ళే.
జుట్టంతా ఉన్నిలా తెల్లబడిపోయింది.
"నా ఆలోచన ఎదిగింది" అన్నాడు,
పక్కింటివాళ్ళెవరో నీళ్ళు పోసి పెంచినట్టు.
మనవరాలి పేరెత్తాడు. గజ్జి ఊసెత్తలేదు.
కర్ర ముందు, తను వెనక, అవునన్న తలుపులోకి నడిచాడు.
పైన గ్యాలరీలో జనం మావోరీలో పాటెత్తుకున్నారు.
పాట, అని మాత్రం రాసుకున్నాను.
కళ్ళు తుడుచుకున్నది రాయలేదు. మా పద్ధతి కాదది.

పదవి వదిలే ముందు ఏడాది తనే వచ్చాడు మా గదికి.
గాలికి గొడుగు తిరగబడి, పుల్లలు బయటికొచ్చి.
"ఎనభై ఆరు నాటి ప్రసంగంలో... ఒక్క మాట. మార్చొచ్చా?"
నిబంధన చదివి వినిపించాను:
అక్షర దోషాలు మాత్రమే. అదీ మర్నాడు మధ్యాహ్నం లోపు.
"ఇరవై తొమ్మిదేళ్ళు ఆలస్యం" అని నవ్వబోయి మానేశాడు.
అది టైపు చేసింది నేనేనని చెప్పలేదు.
టీ ఇచ్చాను. రెండు చెంచాల చక్కెర వేసుకుని
కలపడం మర్చిపోయాడు.
"సభలో లేచి చెప్పుకోవచ్చు. దానికి గడువు లేదు" అన్నాను.
కిటికీ వైపు చూస్తూ చాలాసేపు కూర్చున్నాడు.

గురువారం లేచాడు.
వేళ్ళు మీటల మీద పెట్టుకుని ఎదురుచూశాను.
పాల ధరల గురించి మాట్లాడాడు.
ఒక్క తప్పు లేకుండా ఎక్కించాను.

ఆయన పద్దులో మిగిలినవి మూడు: కాదు, ఖాళీ, అవును.
ఆ చివరిది ఏ మనసులోంచి వచ్చిందో
రిజిస్ట్రారు అడగలేదు. ఫారం ఇచ్చింది.
"పెళ్ళా? ఈ మోకాళ్ళతోనా?" అని వారం రోజులు సణిగిన ఐవర్
కోటు మాత్రం ఇస్త్రీ చేయించుకొచ్చాడు.
పత్రంలో అతని ఇంటిపేరులో ఒక అక్షరం తప్పు పడింది.
దిద్దించాను.
మధ్యాహ్నం లోపే.