ఏడో నంబరు

మెట్టుగూడ సందులో, పిండిగిర్నీ పైన గది.
కింద గిర్నీ తిరిగితే పైన సూది వణుకుతుంది.
అందుకే రత్నం అన్న రికార్డింగంతా
ఆదివారానికి పెట్టుకున్నాడు.

నాలుగు వందల రికార్డుల్లోంచి పదమూడు.
"పెండ్లికి పిలిచినట్టున్నదిరా," అన్నాడు,
"ఎవర్ని ఇడిసినా మొకం మాడ్చుకుంటరు."
ఒక్కోదాన్నీ మోకాళ్ల మీద పెట్టుకుని
పాత బనీను ముక్కతో తుడుస్తున్నాడు,
చంటిపిల్లకి చెవి వెనక తుడిచినంత నిదానంగా.

మొదటి మూడూ డిస్కో.
వయొలిన్లు జరీచీరలు సవరించుకుంటూ మెట్లెక్కి వస్తాయి;
బేసు మాత్రం కిందే, వంటింట్లో ఉండిపోతుంది,
అందరి ఆకలీ దానికి తెలుసు.
తర్వాత హౌసు. చీరల్లేవు, నగల్లేవు.
షికాగోలో ఏదో గోదాములో, పని దిగిన జనం
ఒక చెమట ఆరకముందే ఇంకో చెమట పట్టించుకున్న పాట.
ధన్ ధన్ ధన్ ధన్.
ఒక ఆడగొంతు ఒక్కమాటే ముప్పైసార్లు అడుగుతుంది,
ముప్పై ఒకటోసారి మనమే అడుగుతాం.

లాలాగూడ వర్క్‌షాపులో అన్న ఫిట్టరు.
చక్రాన్ని సుత్తితో తట్టి
పగులుందో లేదో చెవితో చెప్పేవాడు.
రాత్రి అదే చెవికి రెండు పాటలు అప్పజెప్పేవాడు:
ఒకటి దిగకముందే ఒకటి ఎక్కాలి,
అతుకు తెలియకూడదు.
"రెండు డబ్బాలు కలిపేటప్పుడు
లోపల చాయ్ తాగేటోని కప్పు తొణకొద్దు.
గంతే పని."

నేను లైట్లు.
బల్బులకి జిలటిన్ కాగితం చుట్టేవాణ్ణి.
అద్దాలబంతి కూడా కొన్నది కాదు,
ఖుద్దూస్ సెలూన్‌లో పగిలిన నిలువుటద్దం,
పాత ఫుట్‌బాలు, రెండు డబ్బాల జిగురు.
అది తిరిగితే రైల్వే ఇన్‌స్టిట్యూట్ గోడల మీద,
డోరతీ టీచరు మెడ మీద,
క్యాంటీను మల్లేశం బట్టతల మీద
చుక్కలు పరిగెత్తేవి.

ఏడో పాట దగ్గర అన్న ఆగాడు.
అది రికార్డు కాదు, క్యాసెట్టు.
ఎనభై తొమ్మిది డిసెంబరు.
కిటికీలో ఎవరో మరిచిపోయిన టూ-ఇన్-వన్, నాలుగు బ్యాటరీలు.
పాట సగంలో కరెంటు పోయింది.
ఆడగొంతు సాగి, సాగి, మగగొంతై,
ఎద్దు నిట్టూర్పై, ఆగింది.

ఈల. నవ్వు. "ఓయ్ రత్నం!"
తర్వాత, చెక్కనేల మీద ఒక మడమ.
ధన్.
ఇంకో మడమ. పది. రెండొందలు.
చీకట్లో, పాట లేనిచోట,
దాని జాగా ఎవరూ ఆక్రమించకుండా
రెండు నిమిషాల నలభై సెకన్లు కాపలా కాశారు.
కరెంటొచ్చింది.
పళ్లెం మత్తుగా లేచి,
జనం కాళ్లని వెతుక్కుంటూ వచ్చి
కలిసింది.
అతుకు తెలియలేదు.
అన్న చెయ్యే వెయ్యలేదు.

మాదాపూర్ స్టూడియోలో కుర్రాడు హెడ్‌ఫోన్ దించి,
"అంకుల్, ఇక్కడ మ్యూజిక్ లేదు. తీసేద్దామా?
ఉట్టి చప్పుళ్లే."
అన్న తెర మీద గీతల్ని చాలాసేపు చూశాడు.
"గా గీత చూడు, కొంచెం ఆలస్యంగ పడుతున్నది.
గది ఫ్లోరీది.
ఆ దినం హీలు ఇరిగింది.
ఎట్ల తీస్తవ్?"

అట్ట మీద పేర్లు రాసే పని నాకిచ్చారు.
ఆరింటి వరకూ చూసి రాశాను.
ఏడు: కరెంటు పోయింది.
పాడినవారు అన్నచోట ఏం రాయాలో తోచక
కలం పట్టుకుని కూర్చున్నాను.
సోమవారం. కింద గిర్నీ మొదలైంది.
బల్ల వణికి, కలం
తనంతట తనే ఒక చుక్క పెట్టింది.