పెట్టెలో లేని ఆకారం

జిల్లా ఆఫీసు పంపిన అట్టపెట్టెలో
శంకువు లేదు.
జాబితాలో ఉంది, పక్కన ఎవరిదో సంతకమూ ఉంది,
పెట్టెలో మాత్రం అది ఉండాల్సిన చోట ఒక గుంట.
నారిన్‌లో జనవరి. పొయ్యిలో బొగ్గు సగానికే.
పద్నాలుగు మంది పిల్లలు,
పదమూడు జతల చేతితొడుగులు.

పెట్టె మూసేశాను.
మా అత్త కుట్టిన ఉన్నిసంచిలో
మా వంటింటిని కొంచెం వేసి తెచ్చాను:
చక్కెర బిళ్ళ, టీ డబ్బా, అగ్గిపెట్టె,
కురుత్ ఒకటి, ఎండబెట్టిన పెరుగు ఉండ,
చేతికి రాయి, నాలుక మీద మెల్లగా లొంగే ఉప్పన.
చూడొద్దు, అన్నాను. చెయ్యి పెట్టండి.
చెయ్యి చూసింది నోరు చెప్పాలి.

బెగాయ్ మోచేతి దాకా దూర్చింది.
"దీనికి మొదలు లేదు టీచర్, చివరా లేదు.
ఎక్కడ ముట్టుకున్నా మళ్ళీ అదే చోటు."
పుస్తకంలో గోళం గురించి మూడు వాక్యాలున్నాయి.
ఆ పూటకి వాటిని సొరుగులో పెట్టాను.
సంచి గదంతా తిరిగొచ్చేసరికి
ఉండకి ఒక పక్క పళ్ళ గాట్లు.
ఎవరని అడగలేదు. అది గోళం కాదిక, అంతే.

చక్కెర బిళ్ళకి ఆరు ముఖాలన్నాను.
ఉలాన్ అటు తిప్పి ఇటు తిప్పి
"ఆరు ముఖాలా? ఒక్క కన్నూ లేదే!" అన్నాడు.
నవ్వులు తగ్గడానికి పావుగంట పట్టింది.
ఆ తర్వాత బీట్‌రూట్ రసంలో ముంచి
ఒక్కో ముఖాన్నీ కాగితం మీద అద్దారు.
ఒకటి, రెండు, మూడు దాకా చతురస్రమే,
నాలుగుకి మూలలు మెత్తబడ్డాయి,
ఆరుకి చేరేలోపు వేళ్ళే ఎర్రగా మిగిలాయి.
"ఇలాగే ముంచుతూ పోతే ఉండ అవుతుందా?"
నాకు తెలీదన్నాను.
టీచరుకి తెలియనిది దొరికిందని
వాళ్ళకెంత సంబరమో.

మా బడి నేల కిటికీ వైపుకి వాలు.
టీ డబ్బాని పడుకోబెడితే దొర్లిపోయింది,
నిలబెడితే బుద్ధిగా నిలబడింది.
"మా తమ్ముడు దీనికి తిరగేసిన రకం" అన్నాడు ఉలాన్,
"నిలబెడితే పరుగు, పడుకోబెడితేనే ఆగుతాడు."

శంకువుని సెజిమ్ చేసింది.
వాళ్ళమ్మ సంతలో పొద్దుతిరుగుడు గింజలమ్ముతుంది.
పాత పేపరు ముక్క, మణికట్టు ఒక్క తిప్పు,
అడుగున చిన్న మడత, అయిపోయింది.
విప్పి చూపించమంటే విప్పింది:
బల్ల మీద చదునుగా పేపరు, దాన్లో సగం వాతావరణ వార్త.
"శంకువు ఎక్కడికి పోయింది?"
"చేతిలోకి" అంది, మళ్ళీ చుడుతూ.

అప్పుడు అక్తాన్ లేచాడు.
గొర్రెల మంద దగ్గర్నుంచి, కనుమ మూసుకుపోయాక
కిందికి దిగిన కుర్రాడు.
మూడు నెలలు. హాజరు పిలిస్తే తలూపడమే.
జేబులోంచి ఏదో తీసి సంచిలో జారవిడిచాడు.
సంచి కదిలింది. ఒక్కో చెయ్యీ లోపల ఆగిపోయింది.
"గుంటుంది."
"ఇటు ఉబ్బు."
"చెవి లాంటిది తగుల్తోంది టీచర్."
ఎన్ని ముఖాలు? నాలుగన్నారు, ఆరన్నారు,
లెక్కకి నిలవడంలేదని బెగాయ్ అంది.
బయటికి తీశాను: గొర్రె మడమ ఎముక,
ఆడి ఆడి నున్నబడ్డది.
పుస్తకం తిరగేశాను. లేదు.

అక్తాన్ దాన్ని నేల మీదికి విసిరాడు.
"అల్చీ" అన్నాడు.
మళ్ళీ విసిరాడు. "తా."
"చిక్."
నాలుగోది పడటానికి చాలాసేపు పట్టింది,
ఎవరూ కదల్లేదు, పొయ్యి కూడా చిటపటలాడలేదు.
"బ్యోక్."
ఏ వైపు పడితే ఆ వైపుకో పేరు.
మొత్తం ఆకారానికి మాత్రం
నా దగ్గర పేరు లేదు.

జిల్లా ఫారంలో శంకువు గడిలో
"అందింది" అని రాశాను.
దాని కింద ఇంకో గడి గీసి
చాలాసేపు చూసి ఖాళీగా వదిలేశాను.

గంట కొట్టాక సంచి బోర్లించి
ఎముక వాడికిచ్చాను.
ఒక చేతికే తొడుగుంది, అది సెజిమ్‌ది.
దాన్ని పళ్ళతో లాగి పట్టుకుని
ఎముకని జేబు అడుక్కి నెట్టాడు.
ఇంట్లో ఇంకా ఎనిమిదున్నాయట.
రేపు తెస్తానన్నాడో, తేనన్నాడో,
నోట్లో ఉన్ని ఉంది,
సరిగ్గా వినపడలేదు.