రెండో వైపు

బెల్టు సాగిందని రిచీ స్ట్రీటుకి తీసుకెళ్తే
దస్తగీరు ప్లేయర్ని చెవి దగ్గర ఊపి చూసి
"మనకే స్పేర్లు దొరకవు సార్, దీనికెక్కడ?" అన్నాడు.
టిఫిన్ డబ్బా రబ్బరు కోసి బిగించాడు.
యాభై తీసుకున్నాడు.

అప్పట్నుంచీ పెరంబూరులో మా ఇంట్లో కల్యాణి
అర శృతి కిందే పలుకుతోంది.
మిక్సీ వేస్తే ఇంకాస్త వంగుతుంది.

మొన్న యామిని వచ్చి
తన హెడ్‌ఫోన్ నా చెవులకి తగిలించింది.
"అదే కచేరీ తాతా, రేడియో వాళ్ళ అసలు టేపులోంచి తీశారట."
విన్నాను.
కమాను తీగని తాకేముందు
ఆయన ఊపిరి పీల్చుకోవడం కూడా.
ఎంత కుర్రాడో! ఎంత తొందరో!
నా దగ్గరున్నాయన
బెల్టుతో పాటే ముసలివాడయ్యాడు,
మెట్టు మెట్టుకీ ఆగి దిగుతాడు.

తని ముగిసి మళ్ళీ పల్లవి అందుకోబోతుంటే
నా చెయ్యి దానంతటదే లేచింది,
క్యాసెట్ తిప్పడానికి.
నాకు అక్కడ టక్కున తెగుతుంది.
ఆ రాత్రి రేడియో ముందు గొంతుక్కూర్చుని
నేను రెండో వైపు పెట్టేలోగా పోయిన
పదకొండు సెకన్లు.
వాటిని నేనే పూరించుకుంటూ వచ్చాను,
ఐసీఎఫ్‌లో బోగీ బోల్టులు బిగిస్తూ,
రేషన్ క్యూలో,
ఒకసారి స్టాన్లీ ఆసుపత్రి మెట్ల మీద,
ప్రతిసారీ ఒకలా కాదు.

"ఇప్పుడొస్తుంది తాతా, అసలైంది" అంటోంది.
హెడ్‌ఫోన్ తీసి ఇచ్చేశాను.
"ఏం, బాలేదా?"
చాలా బాగుందమ్మా. ఉండు, కాఫీ పెడతాను.

వంటింట్లోంచి చూస్తే
కళ్ళు మూసుకుని తలూపుతోంది.
పాలు పొంగుతున్నా
పదకొండు దాకా లెక్కపెట్టాను.